ఎనిమిది బొటనవేళ్ళ సీనియర్

మా సంస్థలో ఎవరు సీనియరో ఎవరు జూనియరో తేల్చడం ఎంత కష్టమో బయటివాళ్ళకి తెలియదు. నాకు తెలుసు. ఇరవై ఆరేళ్ళుగా నేను చేస్తున్న పని అదే. నా పేరు పట్నాల సన్యాసిరావు. ప్రభుత్వ ఆసుపత్రులకీ ఆఫీసులకీ కావలసిన సాఫ్ట్‌వేర్ రాసిపెట్టే సంస్థ ఒకటి విశాఖపట్నంలో ఉంది. అందులో నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సూపరింటెండెంట్‌ని. సాఫ్ట్‌వేర్ ఎలా రాస్తారో నాకు తెలియదు. రాసేవాళ్ళని ఏమని పిలవాలో మాత్రం నేనే రాస్తాను.

పూర్వం మా దగ్గర సర్వీసును బట్టి సీనియారిటీ ఉండేది. ముసలివాళ్ళంతా పైన కూర్చున్నారని గొడవ చేస్తే పరీక్ష పెట్టారు. పరీక్షలో కుర్రవాళ్ళంతా పాసయ్యారని మళ్ళీ గొడవ చేస్తే పరీక్ష తీసేసి ఇంటర్వ్యూ పెట్టారు. ఇంటర్వ్యూలో ఎవరు పాసయ్యారో చెబితే ఇంకో గొడవ. ఈ స్థితిలో మా కొత్త మేనేజింగ్ డైరెక్టర్ గారు ఏదో కొండమీద మూడు రోజుల నాయకత్వ శిక్షణకి వెళ్ళి, ముఖం వెలిగిపోతూ తిరిగొచ్చారు. శిక్షణ నుంచి అధికారులు వెలుగుతో తిరిగొస్తే కింద పనిచేసేవాళ్ళకి మంచి రోజులు కావని నా అనుభవం.

మర్నాడే అందర్నీ సెమినార్ హాల్లో కూర్చోబెట్టారు.

"మిత్రులారా, ఇన్నాళ్ళూ మనం సీనియారిటీని వ్యక్తిలో వెతికాం. అదే మన మౌలికమైన పొరపాటు. సీనియారిటీ అనేది వ్యక్తిలో ఉండదు. చుట్టూ ఉన్న జనసంఖ్యలో ఉంటుంది. దీవిలో ఒంటరిగా ఉన్న మనిషి ఎవరికి సీనియర్? చెప్పండి!" అన్నారు ఎండీ గారు.

ఎవరూ చెప్పలేదు. ఎండీ గారు అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పి బాగుపడినవాణ్ణి మా సంస్థలో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

ఆ సాయంత్రం నన్ను పిలిచి సర్క్యులర్ రాయించారు. జట్టులో ఒక్కరే ఉంటే ఆ ఒక్కరూ ట్రైనీ. ఇద్దరి నుంచి ఏడుగురి దాకా ఉంటే అందరూ జూనియర్లే. ఎనిమిదో మనిషి వచ్చిన క్షణాన వాళ్ళలో ఒకరు సీనియర్ అవుతారు. పాతికమంది ఉంటే ఒక ప్రిన్సిపల్. వందమంది ఉంటే ఒక విశిష్ట ప్రిన్సిపల్. ఆ పై హోదా జట్టులో ఎవరికి ఎక్కువ సర్వీసు ఉంటే వారికి. ఏం చేశారు, ఎంత బాగా చేశారు అన్న ప్రస్తావన ఎక్కడా ఉండకూడదని ప్రత్యేకంగా చెప్పారు.

"జట్టంటే డెవలపర్లేనా సార్? ఎంతమంది డెవలపర్లు అని రాయమంటారా?" అని అడిగాను.

"సన్యాసిరావుగారూ, సంకుచితంగా ఆలోచించకండి. సమ్మిళిత దృక్పథం ఉండాలి. 'వ్యక్తులు' అని రాయండి."

వ్యక్తులు అని రాశాను. నా దస్తూరీ బాగుందని కూడా మెచ్చుకున్నారు.

ఇక చూడండి. మర్నాటి నుంచి మా ఆఫీసులో మనుషులకి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. అంతకుముందు పక్క కుర్చీవాడు ఎప్పుడు బదిలీ అవుతాడా అని ఎదురుచూసిన వాళ్ళే, వాడు సెలవు పెడతానంటే కాళ్ళు పట్టుకోసాగారు. అందరికన్నా ముందు ఈ సూత్రంలోని లోతు గ్రహించినవాడు ప్రభంజన్. ఆయన లాగిన్ పేజీ జట్టుకి పెద్ద. లాగిన్ పేజీ అంటే పేరూ పాస్‌వర్డూ కొట్టే మొదటి తెర. అప్పటికి ఆ జట్టులో నలుగురున్నారు. నలుగురికీ పని సరిపోక ఇద్దరు మధ్యాహ్నం నిద్రపోయేవారు.

ప్రభంజన్ ఒకరోజు నా టేబుల్ ముందుకొచ్చి, నా సెక్షన్‌ని కోళ్ళ షాపులో నిలబడి చూసినట్టు చూశాడు.

"మీ దగ్గర ఇద్దరు ఖాళీగా కనిపిస్తున్నారు సన్యాసిరావుగారూ."

"ఖాళీగా లేరండి. సర్వీసు పుస్తకాలు రాస్తున్నారు."

"మా గదిలో కూర్చుని రాసుకోవచ్చు కదా. మాకు ఏసీ కూడా ఉంది."

ఏసీ అన్నమాట వినగానే ఇద్దరూ లేచారు. ఒకణ్ణి మాత్రం ఆపగలిగాను. నెల తిరిగేసరికి ప్రభంజన్ జట్టులో నూటొక్కమంది ఉన్నారు. అందులో డ్రైవర్లున్నారు, తోటమాలి ఉన్నాడు, రికార్డు గదిలో చెదలకి మందు కొట్టే ఆయన ఉన్నాడు. మిగతా ప్రోగ్రాముల్లో పనిచేసే డెవలపర్లు సగానికి సగం ఉన్నారు. తనకన్నా ఎక్కువ సర్వీసు ఉన్నవాణ్ణి ఒక్కణ్ణీ తీసుకోలేదు కాబట్టి ప్రభంజనే విశిష్ట ప్రిన్సిపల్ అయ్యాడు. శాలువా కప్పారు. శాలువా కప్పేటప్పుడు ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను. వంద మంది వల్ల ఒక్క మనిషికి అంత ఆనందం కలగడం మామూలు విషయం కాదు.

నూటొక్కమందీ కలిసి ఆ మొదటి తెర మీద పని చేశారు. 'లోపలికి' అన్న బటన్ ఏ రంగులో ఉండాలో తేల్చడానికి పద్నాలుగు మందిని వేశారు. రోజూ పొద్దున్నే నిలబడి అయిదు నిమిషాలు మాట్లాడుకునే ఆనవాయితీ ఒకటి ఉంటుంది. దాన్ని స్టాండప్ అంటారు. నూటొక్కమంది తలా ఒక మాట చెప్పేసరికి ఒంటిగంట అయ్యేది. నిలబడలేక నాలుగో రోజున స్టాండప్‌కి నూటొక్క కుర్చీలు కావాలని ఇండెంటు పంపారు. నేనే మంజూరు చేశాను.

సెలవులు మాత్రం పెద్ద తలనొప్పి అయ్యాయి. ఇద్దరు రాకపోతే ప్రభంజన్ తొంభై తొమ్మిదికి పడిపోయి ఒట్టి ప్రిన్సిపల్ అవుతాడు. అందుకని జ్వరమొచ్చిన వాణ్ణి ఆటోలో తెప్పించి, మూల బల్ల మీద దుప్పటి కప్పి పడుకోబెట్టేవారు. ఒకాయన పెళ్ళికి సెలవడిగితే, ముహూర్తం ఆదివారానికి మార్పించుకోమన్నారు. పంతులుగారు కుదరదంటే, ఆ పంతులుగారిని మా దగ్గర ఏదైనా ఖాళీలో తీసుకోవచ్చేమో చూడమని ప్రభంజన్ నాకు నోటు పెట్టాడు.

ఇంతలో ఎండీ గారికి ఇంకో ఆలోచన వచ్చింది. హోదా అనేది నెలకోసారి లెక్కకట్టడం పాతకాలపు పద్ధతట. ఎప్పటికప్పుడు మారాలట. ప్రతి గదిలోనూ వేలిముద్రల యంత్రం పెట్టించి, దాని పైన ఒక చిన్న తెర బిగించారు. ఏ క్షణాన గదిలో ఎన్ని వేళ్ళు ఉంటే ఆ ప్రకారం తెరమీద హోదాలు మారిపోతాయి. ఒంటిగంటకి అందరూ వేలేసి భోజనానికి వెళ్ళేసరికి భవనం మొత్తం ట్రైనీలు అయిపోయేది. ఒకసారి ఒంటిగంటా ఇరవైకి సెక్రటేరియట్ నుంచి ఫోన్ చేసి, ఎవరైనా సీనియర్‌తో మాట్లాడాలన్నారు. రెండింటికి చేయండి, అప్పటికి తయారవుతారు అని చెప్పాను.

చివరగా, భద్రత దృష్ట్యా ఒక వాక్యం చేర్చమన్నారు. నడుస్తున్న ప్రోగ్రాములో ఏ మార్పు చేసినా దాన్ని విడుదల చేసే అధికారం సీనియర్‌కీ ఆపైవారికీ మాత్రమే. ఆ వాక్యం కూడా నేనే రాశాను. ఎంత మంచి వాక్యమో అనుకున్నాను.

ఇప్పుడు సుభాషిణి గురించి చెప్పాలి. రెండో అంతస్తులో చివరి గది ఆవిడది. కిడ్నీ జబ్బువాళ్ళకి డయాలసిస్ చేస్తారు కదా, ఏ రోగి ఏ రోజు ఏ ఆసుపత్రిలో ఏ మిషను మీద పడుకోవాలో నిర్ణయించే ప్రోగ్రాము ఆ గదిలోంచే నడుస్తుంది. అలా కేటాయించిన సమయాన్ని స్లాటు అంటారు, దాని నంబరు కొడితేనే ఆసుపత్రి స్టోరులోంచి డయాలసిస్ కిట్టు బయటికొస్తుంది. తొమ్మిదేళ్ళ కిందట ఆ ప్రోగ్రాము మొదలుపెట్టి రాసింది సుభాషిణే. ఆ గదిలో ఆరుగురు ఉండేవారు. అయిదుగురిని ప్రభంజన్ పట్టుకుపోయాడు. ఆవిణ్ణి కూడా రమ్మన్నాడట.

"నేనొస్తే ఇది ఎవరు చూస్తారండీ?" అందట ఆవిడ.

అలా అన్నందుకు ఆవిడ ట్రైనీ అయింది. చేతులున్న కుర్చీ తీసేసి చేతుల్లేని కుర్చీ వేశారు. ట్రైనీలకి వారం రోజుల ప్రాథమిక శిక్షణ తప్పనిసరి కాబట్టి అది కూడా ఇచ్చారు. మౌస్ అంటే ఏమిటో, దాన్ని ఏ చేత్తో పట్టుకోవాలో, ఒకప్పుడు ఆవిడ దగ్గరే పని నేర్చుకున్న అమ్మాయి పాఠం చెప్పింది. సుభాషిణి ముందు వరసలో కూర్చుని నోట్సు రాసుకుంది. పరీక్షలో నూటికి తొంభై ఆరు వచ్చాయి. ఆ మార్కుల పత్రాన్ని సర్వీసు పుస్తకంలో నేనే అంటించాను. ఇదేమిటని ఆవిడ నన్నొక్క మాట అడగలేదు. అడిగితే నా దగ్గర సర్క్యులర్ ఉంది, చూపించేవాణ్ణి.

అంతలో ఒక శనివారం నాడు, ఒక మండలాన్ని పాత జిల్లాలోంచి తీసి కొత్త జిల్లాలో కలిపారు. కాగితం మీద ఒక గీత అటునుంచి ఇటు జరిగింది. మా ప్రోగ్రాముకి మాత్రం ఆ మండలం ఏ జిల్లాలోనూ కనిపించడం మానేసింది. అక్కడ డయాలసిస్ చేయించుకునేవాళ్ళు అరవై ఒక్కమంది. సోమవారం పొద్దున్న ఒక్కరికీ స్లాటు రాలేదు.

నేను ఏదో సంతకం కోసం సుభాషిణి గదికి వెళ్ళినప్పుడు ఆవిడ ఫోన్‌లో ఉంది. రోగులకిచ్చిన నంబరు ఆవిడదే. మధ్యలో నాక్కూడా వినిపించాలని స్పీకర్ పెట్టింది.

"అమ్మా, నాను చిన్నమ్మడినమ్మా. మా ఆయన పేరు దాలినాయుడు. ఇయాల సోమోరం, మిసను ఎక్కించాల. ఆసుపత్రికొత్తే పేరు నేదంతన్నారు. పాత జిల్లావోలు, మీరిప్పుడు మావోలు కాదంతన్నారు. కొత్త జిల్లావోలు, మీరింకా మావోలు అవనేదంతన్నారు. మరి మేము ఎవులవోలమమ్మా?"

"రేపటికల్లా వచ్చేస్తుందమ్మా. నేను చూస్తున్నాను" అంది సుభాషిణి.

ఫోన్ పెట్టేసి నావైపు తిరిగింది.

"పది నిమిషాల పని సార్ ఇది. కొత్త జిల్లా పేరు కూడా చూడమని ఒక్క లైను రాస్తే చాలు. రాసేశాను కూడా. కానీ విడుదల బటన్ పనిచేయట్లేదు. ట్రైనీ అని తెలిసిపోతోంది దానికి. వాళ్ళకి వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయకపోతే బతకరు సార్."

"నోటు పెట్టమ్మా" అన్నాను.

ఆ మాట అన్నందుకు తర్వాత నన్ను నేను చాలా తిట్టుకున్నాను. ఆ రోజు మాత్రం నా కర్తవ్యం నేను చేసినట్టే అనుకున్నాను. నోటు పెట్టింది. దానికి నేను మరో నోటు జోడించి, మధ్యాహ్నానికే ఎండీ గారి దగ్గరికి పంపాను. మా సంస్థలో ఫైలు అంత వేగంగా కదలడం అదే మొదటిసారి.

"ఇందులో సమస్యేముంది? ఒక సీనియర్‌ని ఆ జట్టుకి పంపండి" అని రాశారు ఎండీ గారు.

మంగళవారం ప్రభంజన్ జట్టులోంచి ఒక సీనియర్ వచ్చాడు. సుభాషిణి గదిలో యంత్రం మీద వేలు పెట్టాడు. ఇప్పుడు గదిలో ఇద్దరు. తెర మీద సుభాషిణి జూనియర్ అని పడింది. కిందనే ఆయన కూడా జూనియర్ అని పడింది. ఆయన తెరవైపు చూసి, ఒక్క గెంతులో గుమ్మం దాటాడు.

"నాకు పెళ్ళికెదిగిన చెల్లెలుంది సార్. సంబంధాలు చూస్తున్నాం. ఈ టైములో నన్ను జూనియర్ని చేస్తారా?" అని వరండాలో నాతో పోట్లాడాడు.

ప్రోగ్రామునే ప్రభంజన్ జట్టుకి మార్చేస్తే సరిపోతుంది కదా అని నేనే ఒక నోటు పెట్టాను. నేనే రాసిన సర్క్యులర్ తీసి నాకే చూపించారు. ప్రోగ్రాము అప్పగించాలంటే అప్పగించే మనిషి కనీసం సీనియర్ అయి ఉండాలి. ఆ వాక్యం కూడా బాగానే రాశాను.

బుధవారం ఎండీ గారు తన గదిలో సమావేశం పెట్టారు. సుభాషిణిని లోపలికి పిలవలేదు. ట్రైనీలు నిర్ణయాత్మక సమావేశాల్లో పాల్గొనరాదు. నేనూ, ప్రభంజనూ ఉన్నాం.

"సూత్రం స్పష్టంగానే ఉంది. ఆ గదిలో ఎనిమిదిమంది ఉంటే ఒక సీనియర్ దానంతట అదే ఉద్భవిస్తుంది. ప్రభంజన్, మీ జట్టులోంచి ఏడుగురిని పంపండి" అన్నారు ఎండీ గారు.

ప్రభంజన్ ముఖం పాలిపోయింది.

"సార్, నూటొక్కటిలో ఏడుగురు పోతే తొంభై నాలుగు. నా సంగతి వదిలేయండి సార్, నేను సామాన్యుణ్ణి. కానీ రాష్ట్రంలో ఉన్న ఏకైక విశిష్ట ప్రిన్సిపల్ పడిపోతే సంస్థ ప్రతిష్ఠ ఏమవుతుంది? పైగా ఇప్పుడే బటన్ రంగు తేలే దశకొచ్చింది."

ఎండీ గారు చాలాసేపు ఆలోచించారు. రెండు వైపులా న్యాయం కనిపించినప్పుడు ఆయన ఏం చేస్తారో అదే చేశారు. కమిటీ వేశారు. కమిటీ వచ్చే సోమవారం కూర్చుంటుంది.

"ఈలోగా ఆ అరవై ఒక్కమందికీ కొంచెం సంయమనం పాటించమని ఫోన్‌లో సందేశం పంపండి. మర్యాదగా ఉండాలి భాష" అన్నారు.

సందేశాలు పంపేది కూడా ఆ ప్రోగ్రామే అని చెప్పాను. అయితే దాన్ని కూడా కమిటీ పరిధిలో చేర్చమన్నారు.

బయటికొచ్చేసరికి సుభాషిణి వరండాలో నిలబడి ఉంది. చిన్నమ్మడు పొద్దుటి నుంచి మూడుసార్లు ఫోన్ చేసిందట. దాలినాయుడికి ముఖం, కాళ్ళు వాచాయట. పడుకుంటే ఊపిరి ఆడటం లేదట. కూర్చోబెట్టి వీపు రాస్తోందట. కొంతమంది ఎవరెవరి కాళ్ళో పట్టుకుని వేరే ఆసుపత్రుల్లో మిషను ఎక్కారట. వీళ్ళకి ఎవరూ తెలియదు.

"సోమవారం కమిటీ ఉందమ్మా" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. ఫోన్ తీసుకుని గదిలోకి వెళ్ళింది.

గురువారం పొద్దున్న పదిన్నరకి మళ్ళీ ఆ గదికి వెళ్ళాను. పనేమీ లేదు. ఇంట్లో కాఫీ కూడా దిగలేదు నాకు. సుభాషిణి చేతుల్లేని కుర్చీలో కూర్చుని ఫోన్ వైపు చూస్తోంది.

"ఇవాళ చిన్నమ్మడు గారు ఫోన్ చేయలేదు సార్. నేను చేస్తే ఎత్తట్లేదు" అంది.

చేతిలో ఉన్న ఫైలు తెరిచాను. అప్పుడు, ఇరవై ఆరేళ్ళ సర్వీసులో మొదటిసారి, నేను రాసిన సర్క్యులర్‌ని అవతలివైపు నుంచి చదివాను. 'వ్యక్తులు' అని ఉంది. ఏ వ్యక్తులో లేదు. ఒక్కరోజుకి ఎవరినైనా ఏ జట్టుకైనా డిప్యుటేషన్ మీద వేసే అధికారం ఎస్టాబ్లిష్‌మెంట్ సూపరింటెండెంట్‌కి మొదటినుంచీ ఉంది. సోమవారం కూడా ఉంది. మంగళవారం కూడా ఉంది. ఎవరూ నన్ను అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు.

కింద క్యాంటీన్‌కి పరుగెత్తాను. మా క్యాంటీన్ వాళ్ళు కూడా సంస్థ ఉద్యోగులే. అందరి వేలిముద్రలూ యంత్రంలో ఉన్నాయి. ప్రభంజన్ వాళ్ళ జోలికి వెళ్ళకపోవడానికి కారణం ఒక్కటే. వాళ్ళని తీసుకుంటే ఆయన టీ ఆగిపోతుంది.

క్యాంటీన్ పెద్ద అప్పలకొండ పెసరట్టు తిరగేస్తున్నాడు.

"అప్పలకొండా, స్టవ్వు ఆపు. ఆరుగురిని తీసుకుని నాతో రా."

"ఏటి బాబూ, ఎవులికైనా ఏటైనా అయిపోనాదా?"

"అవకుండా చూద్దాం, రా."

అట్లకాడ పక్కనపెట్టి, చెయ్యి తువ్వాలుకి తుడుచుకుంటూ వచ్చేశాడు. అతని వెనక వంటవాళ్ళు ముగ్గురు, గిన్నెలు తోమే ఇద్దరు ఆడవాళ్ళు, కూరగాయలు తెచ్చే ఆయన. ఏడుగురు. సుభాషిణితో ఎనిమిది. మెట్లెక్కుతూనే డిప్యుటేషన్ ఆర్డరు రాశాను. నా దస్తూరీ ఎప్పుడూ అంత చెత్తగా లేదు.

ఒక్కొక్కరే వేలు పెట్టారు. గిన్నెలు తోమేవాళ్ళలో ఒకావిడ వేలు అరిగిపోయి ఉంది. మూడుసార్లు పెడితేగాని పడలేదు. ఆ మూడుసార్లూ నేను ఊపిరి తీసుకోలేదు. ఎనిమిదో ముద్ర పడగానే తెర ఒకసారి మూలిగి మారింది.

సీనియర్ అని పడింది. పక్కన పేరు చూశాను. కొయ్య అప్పలకొండ, సర్వీసు ముప్పై ఒక్క సంవత్సరాలు.

సుభాషిణికి తొమ్మిదేళ్ళే. జూనియర్ అని చూపించింది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సుభాషిణి మాత్రం ఒక్క క్షణం కూడా ఆగలేదు. లేచి తన కుర్చీ అతనికి వేసింది.

"బాబాయ్, ఇలా కూర్చోండి. ఈ మౌస్ పట్టుకోండి. అదిగో, ఆ పచ్చ బటన్ మీదకి తీసుకెళ్ళి ఒక్కసారి నొక్కండి."

"నొక్కితే ఏటీ పేలదు కదా అమ్మా?"

"పేలదు బాబాయ్. అరవై ఒక్కమందికి వైద్యం దొరుకుతుంది."

అప్పలకొండ కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుని నొక్కాడు. తెర మీద పేర్లు ఒక్కొక్కటీ దిగసాగాయి. అరవై ఒక్కటీ దిగాయి. పన్నెండో పేరు దాలినాయుడు. ఆ మధ్యాహ్నం రెండింటి స్లాటు, నాలుగో నంబరు మిషను. గదిలో పెసరట్టు వాసన నిండిపోయి ఉంది.

మెమో ఇస్తారనుకున్నాను. సస్పెన్షన్‌కి కూడా సిద్ధపడ్డాను. మా ఎండీ గారిని నేను తక్కువ అంచనా వేశాను. సాయంత్రం పిలిచి, నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"సన్యాసిరావుగారూ, మీరు చేసింది ఏమిటో మీకైనా అర్థమైందా? సూత్రం రుజువైంది! మూడు రోజులు ఒక ట్రైనీ వల్ల కానిది, జట్టు సంఖ్య ఎనిమిదికి చేరగానే పదకొండు నిమిషాల్లో జరిగింది. అదీ ముప్పై ఒక్క ఏళ్ళ అనుభవమున్న సీనియర్ చేతిమీదుగా! దీన్ని దేశమంతా అధ్యయనం చేయాలి."

ఆ ప్రోగ్రాము రాసింది సుభాషిణే అని చెప్పాను. రాయడం కార్యాచరణ స్థాయి అంశమనీ, నొక్కడం నాయకత్వ స్థాయి అంశమనీ ఆయన నాకు ఓపిగ్గా వివరించారు.

శనివారం సన్మాన సభ పెట్టారు. వేదిక మీద ఎండీ గారు, ప్రభంజన్, నేను, క్యాంటీన్ వాళ్ళు ఏడుగురు. అప్పలకొండకి శాలువా కప్పి, ఇకమీదట నెలకొకసారి డెవలపర్లకి శిక్షణ తరగతి తీసుకోవాలని ప్రకటించారు. ఏ విషయం మీద తీసుకోవాలని అతను అడిగితే, అనుభవం మీద అన్నారు. సుభాషిణి హాలు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. కుర్చీలు ప్రభంజన్ జట్టుకే సరిపోయాయి.

ఎండీ గారు మైకు ముందు నిలబడి, అరవై ఒక్క ప్రాణాలు అని అంటుండగా సుభాషిణి ఫోన్ మోగింది. బయటికెళ్ళింది. తిరిగొచ్చి, మెట్లెక్కి నేరుగా వేదిక మీదికి నా దగ్గరికి వచ్చింది. ట్రైనీ అలా రాకూడదని ఆవిడకి గుర్తులేనట్టుంది.

"దాలినాయుడు గారు గురువారం తెల్లవారుజామున పోయారట సార్" అంది మెల్లగా. "ఆయన పేరు మీద స్లాట్లు ఇంకా వస్తూనే ఉన్నాయట. ఇంకెవరికైనా ఇచ్చేయమని ఆవిడ ఫోన్ చేసింది. మిషను ఖాళీగా ఉంచొద్దంటోంది."

నేను లేచి మైకు దగ్గరికి వెళ్ళాను. "అరవై సార్" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "అరవై ఒకటి కాదు, అరవై. ఒకరు రాలేదు."

ఎండీ గారు మైకుకి చెయ్యి అడ్డం పెట్టారు. నివేదికలో గైర్హాజరుకి కారణం చూపించాలి కదా, ఏముందని అడిగారు. చనిపోయాడని చెప్పాను. ఆయన కాసేపు బాధపడ్డారు. నిజంగానే బాధపడ్డారు, అబద్ధం చెప్పను. తర్వాత పెన్ను తీసి ఆ గడిలో 'ఆరోగ్య కారణాల వల్ల' అని రాసుకున్నారు.

అప్పలకొండ అప్పటికే శాలువా తీసి కుర్చీ మీద పడేశాడు.

"పదండి బాబూ. ఆయమ్మ సెప్పినాది కదా, ఆ మిసను ఇంకోలికి ఇచ్చీవొద్దా? మళ్ళా ఏళ్ళెయ్యాల కదేటి?"

ఏడుగురూ వేదిక దిగారు. ప్రభంజన్ ఏదో నియమం గురించి వెనక నుంచి అంటున్నాడు. నేను ఆగి వినకుండా ఇంకో ఒక్కరోజు డిప్యుటేషన్ ఆర్డరు రాశాను. రెండో అంతస్తు చివరి గదిలో మళ్ళీ ఎనిమిది వేళ్ళు పడ్డాయి. అప్పలకొండ ఈసారి కళ్ళు మూసుకోకుండా నొక్కాడు. ఆ స్లాటు, నెల రోజులుగా వరసలో ఉన్న ఒక అంగన్‌వాడీ ఆయాకి వెళ్ళింది. ఆవిడకి ముగ్గురు పిల్లలు.

సుభాషిణి చిన్నమ్మడికి ఫోన్ చేసి ఆ సంగతి చెప్పింది. స్పీకర్ పెట్టి ఉంది.

"ఇచ్చీసినారా అమ్మా? ఎంతసేపు పట్టినాదమ్మా?"

"పది నిమిషాలమ్మా."



"పది నిమిసాల పనే అయితే, మరి మా ఆయనకి మూడ్రోజులేల పట్టినాదమ్మా?"

సుభాషిణి ఫోన్ తీసి నా చేతిలో పెట్టింది.

"మీరు చెప్పండి సార్" అంది.

చెవి దగ్గర పెట్టుకున్నాను. అవతల ఆవిడ ఎదురుచూస్తోంది. ఇరవై ఆరేళ్ళుగా ఈ సంస్థకి వచ్చిన ప్రతి ఉత్తరానికీ జవాబు రాసింది నేనే. ఆవిడకి చెప్పడానికి నా దగ్గర ఒక సర్క్యులర్ తప్ప ఏమీ లేదు. అది చదివి వినిపించడానికి సిగ్గేసి అలాగే నిలబడ్డాను.